పొద్దు మునిగే సముద్రం

లచ్చయ్య ఆధార్ కార్డు ఇవ్వనన్నాడు. అంతే! కాంట్రాక్టర్ పాండురంగం వ్యాన్‌లోంచి అతని సద్ది డబ్బా తీసి రోడ్డు మీదికి విసిరేశాడు. అన్నం, మామిడికాయ తొక్కు ఎల్బీ నగర్ చౌరస్తా దుమ్ములో పడ్డాయి. అడ్డా మీద నూరుమంది కూలీలున్నారు. అందరూ తలలు దించుకున్నారు.

ఆ అడ్డాలో కాగితాలు, సంతకాలు ఉండవు. సద్ది డబ్బా బండిలో పెడితే పనికి ఒప్పుకున్నట్టే. పెట్టిన డబ్బాను మళ్లీ తీసుకుంటే మాట తప్పినట్టు. నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు పస్తులైనా ఉంటారు గానీ ఆ పని చేయరు. పాండురంగానికి ఆ సంగతి బాగా తెలుసు. అల్మాస్‌గూడలో తాతల పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మేసిన పెద్దమనిషి, ఇప్పుడు మనుషుల బేరం పట్టాడు!

నెల కిందట యాదలక్ష్మి భర్త జగన్ ఇలాగే డబ్బా పెట్టి, కార్డు ఇచ్చి వెళ్లాడు. వైజాగులో పని అన్నాడు పాండురంగం. తర్వాత జగన్ ఒక్కసారే మాట్లాడాడు, అదీ సూపర్‌వైజర్ ఫోనులో. "పని దిగి ఒడ్డున కూసుంటే సముద్రంల పొద్దు మునుగుతదే, నీకు సూపియ్యాలె" అన్నాడు. ఎవరో ఫోను గుంజుకున్నారు. అప్పటి నుంచి ఆమె రోజూ అడ్డాకొచ్చి పాండురంగాన్ని అడుగుతూనే ఉంది.

ఇవాళ ఇంకో ముప్పై డబ్బాలు వ్యాన్ ఎక్కాయి, ముప్పై కార్డులు పాండురంగం సంచిలోకి వెళ్లాయి. యాదలక్ష్మి చూడలేక టీ బండి దగ్గరికి వెళ్లింది. బండి కోటేశ్వరమ్మది. ఆమె పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే.

"అక్కా, మీ ఊరు ఎట్లుంటది?"

"ఏటని చెప్పనే! ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ కొండలు. తెల్లోళ్ళు రేవు కట్టినప్పుడు అలలు ఆగలేదంట. రెండు పాత ఓడల్ని ముంచి, మీద రాళ్ళు పోసి ఆపారు. ఆ రాళ్ళు మోసినోడు మా తాత. ఆయన పేరు ఏ రాయి మీదా లేదు. తర్వాత ఫ్యాక్టరీలకని ఊళ్ళకి ఊళ్ళే లేపేశారు. కానీ పొద్దున్నే సూర్యుడు నీళ్ళలోంచి పైకొస్తాడు చూడూ, ఎంత బాగుంటాదో!"

యాదలక్ష్మి చేతిలో గ్లాసు ఆగింది.

"మరి మునిగేది?"

"కొండల్లో."

"సముద్రంల మునగదా?"

"ఎలా మునుగుతాదే? మాది తూర్పు సముద్రం!"

యాదలక్ష్మి గ్లాసు పక్కన పెట్టి నేరుగా వ్యాన్ దగ్గరికి నడిచింది.

"పటేలా, మా ఆయన యాడున్నడు?"

"వైజాగుల. ఎన్నిసార్లు చెప్పాలె?"

"వైజాగుల పొద్దు సముద్రంల మునుగుతదా? మా ఆయన ఫోనుల గట్లనే చెప్పిండు!"

"పిచ్చి గిట్ల లేసిందా నీకు?"

"నేనా ఊరిదాన్ని. నాకు చెప్పు బాబూ!" కోటేశ్వరమ్మ వెనకే వచ్చింది.

పాండురంగం తడబడ్డాడు. "ఏ సముద్రమైతే మీకేంది? కూలి కూలే గదా!"

అబద్ధం అడ్డా నడుమన బయటపడింది. ముప్పై మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా చేతులు డబ్బాల వైపు పోలేదు, మాట ఇచ్చారు కదా! అప్పుడు లచ్చయ్య వ్యాన్ ఎక్కాడు.

"ఎందుకు భయం? మాట తప్పింది మనం గాదు, గీడు!"

ఒక్కొక్క డబ్బా చేతులు మారుతూ కిందికి దిగింది. అన్నింటినీ చక్రాల ముందు వరసగా పేర్చారు.

"మా కార్డులియ్యి. జగన్‌తోని మాట్లాడియ్యి. అప్పుడే బండి కదుల్తది" అంది యాదలక్ష్మి. నూరుమంది బండిని చుట్టుముట్టారు. పాండురంగం కార్డుల సంచి కింద పడేసి, సూపర్‌వైజర్‌కు ఫోను కలిపి జగన్‌కు ఇమ్మన్నాడు. లచ్చయ్య ఫోను లాక్కుని స్పీకర్ పెట్టాడు. అవతల జగన్ గొంతు.

"లచ్చిమీ! గిది ఏ ఊరో తెల్వదే! బోర్డులు సదవరాదు. నలభై మందిమున్నం. కార్డులియ్యరు, పోనియ్యరు..."

యాదలక్ష్మి ఫోను దగ్గరికి వంగింది.

"ఇనయ్యా. గీడ డబ్బాలన్నీ దింపినం. ఒక్కరు గూడ ఎక్కలే. మీరు గూడ తట్టలు దింపుండ్రి. కార్డులిచ్చేదాక ఎవ్వరు ఎత్తొద్దు!"

అవతల అలల చప్పుడు. జగన్ మిగతా కూలీలకు గట్టిగా చెబుతున్నాడు. ఫోనులో ఒక ఇనుప తట్ట నేల మీద పడ్డ మోత వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఎన్ని పడ్డాయో అడ్డాలో ఎవరూ లెక్కపెట్టలేకపోయారు.