కింద కూడా చూడండి

ఐదోసారి కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయినప్పుడు ఫ్రిజ్ అక్క నిచ్చెన మీద ఉంది. ఎవరింట్లోనో గోడకు ఏసీ బిగిస్తోంది. కుడి భుజం వెనక సూదితో పొడిచినట్టయింది, పీల్చబోయిన గాలి సగంలోనే ఆగిపోయింది. ఆమె కంగారు పడలేదు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, "అమ్మా, కాస్త ఏదైనా బండి పిలవండి, ఆస్పత్రికి పోవాలి. మీ ఏసీకి రేపు ఇంకొకరిని పంపిస్తారు" అని ఇంటావిడకు చెప్పింది. పాపం, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది ఆ ఇంటావిడే.

ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేయడం ఆమె పని కాబట్టి పేటంతా ఆమెను ఫ్రిజ్ అక్క అనే పిలుస్తుంది. పదమూడు నెలల్లో ఐదుసార్లు ఇలా జరిగింది. మొదటిసారి డాక్టర్లు, "ఇది పొడుగ్గా, బక్కపల్చగా ఉండే కుర్రాళ్ళకి వస్తుందమ్మా" అన్నారు. ఆమె పొడుగూ కాదు, బక్కపల్చనా కాదు, కుర్రాడు అసలే కాదు. మూడోసారి ఆపరేషన్ చేసి ఊపిరితిత్తి పైకొసను కోసి, ఛాతీ గోడకు అంటుకునేలా చేశారు. బరువులు ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు. అయినా నాలుగోసారి వచ్చింది, ఇదిగో ఇప్పుడు ఐదోసారి.

ఎల్లుండి మళ్ళీ ఆపరేషన్. అదే చోట, ఈసారి ఇంకాస్త గట్టిగా. అది కూడా నిలవకపోతే నిచ్చెన ఎక్కే పని జన్మలో చేయొద్దని సర్జన్ ఖరాఖండిగా చెప్పేశాడు. నిచ్చెన ఎక్కని ఏసీ మెకానిక్‌ను ఎవరు పెట్టుకుంటారు? పద్దెనిమిదేళ్ళుగా నేర్చిన విద్య. ఆ మాట విన్నప్పుడే ఆమె గుండెలో రాయి పడింది.

పక్కటెముకల మధ్య దూర్చిన గొట్టం మంచం కిందికి దిగి, నీళ్ళ సీసాలో మునిగి ఉంది. ఛాతీలో చేరకూడని చోట చేరిన గాలి ఆ నీళ్ళలో బుడగలై పోతుంటే ఊపిరితిత్తి మళ్ళీ విచ్చుకుంటుంది. వార్డులో మిగతావాళ్ళు కిటికీ చూసేవారు, ఫోన్ చూసేవారు. ఈమె మాత్రం మంచం అంచుకు జరిగి సీసానే చూసేది. దగ్గితే బుడగలు. నవ్వితే బుడగలు. ఊరికే పడుకుంటే ఒక్కటీ లేదు.

"ఎందుకలా వంగి చూస్తారు? కుట్లు లాగేస్తాయి" అని నర్సు కసిరింది.

"లీక్ ఎక్కడుందా అని."

"అది డాక్టర్లు చూసుకుంటారు."

ఇక్కడే ఆమెకు ఒళ్ళు మండింది. గ్యాస్ తగ్గిన ఫ్రిజ్‌లో గ్యాస్ నింపేసి చేతులు దులుపుకునేవాణ్ణి ఆమె మెకానిక్ అనదు. సబ్బునురగ రాసి, లీక్ ఎక్కడుందో పట్టుకోవాలి. కొన్ని మొండి లీకులుంటాయి, మెకానిక్ ఎదురుగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి. అప్పుడు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడగాలి: ఎప్పుడెప్పుడు చెడింది? ఆ రోజు ఇంట్లో ఇంకేం జరిగింది? ఈ పదమూడు నెలల్లో తనను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది. సరే, ఎవరూ అడగకపోతే తానే అడుగుతుంది.

సాయంత్రం ఆడపడుచు సంచీ పట్టుకుని వచ్చింది. బట్టల కొట్లో పనిచేసే పిల్ల, నోరు కాస్త ఎక్కువ. ఇద్దరికీ పెద్దగా పొసగదు, కానీ ఐదుసార్లూ ఆస్పత్రికి సంచీ సర్దింది ఆ పిల్లే.

"నువ్వోసారి గుర్తు చేసుకోవే. నేను ఆస్పత్రిలో పడ్డ రోజుల్లో ఇంట్లో ఏం జరిగింది? బూజు దులిపామా? రంగులు వేశారా?"

"ఏమీ లేదొదినా. నువ్వు పడతావు, అన్నయ్య బిత్తరపోతాడు, నేను సంచీ సర్దుతాను. దువ్వెన, తువ్వాలు, ప్యాడ్ల ప్యాకెట్."

"ప్యాడ్లెందుకు?"

"ఎందుకేమిటి? ప్రతిసారీ నీకు డేటే కదా! నా ప్యాకెట్ కూడా నీకే పోతోంది, అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

ఫ్రిజ్ అక్క లేచి కూర్చుంది. సీసాలో బుడగలు గుప్పున వచ్చాయి. "ఐదుసార్లూనా?"

"ఐదుసార్లూ సర్దింది నేనే కదొదినా" అంది ఆ పిల్ల, ఈసారి నెమ్మదిగా.

పాత డిశ్చార్జి కాగితాలు తెప్పించి ఇద్దరూ తేదీలు రాశారు. ఒకసారికీ మరోసారికీ మధ్య ఎనభై మూడు రోజులు, నూట పదమూడు, యాభై ఏడు, నూట నలభై. ఆమె నెలసరి ఇరవై ఎనిమిది రోజులకు ఠంచనుగా వస్తుంది. ప్రతి అంకెనూ ఇరవై ఎనిమిదితో భాగించి చూశారు. మహా అయితే ఒక్కరోజు అటూ ఇటూ. ఆడపడుచుకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఫ్రిజ్ అక్కకు మాత్రం భయం వేయలేదు, ఆస్పత్రిలో చేరాక మొదటిసారి ఆకలి వేసింది.

మర్నాడు సర్జన్ రౌండ్స్‌కు వచ్చాడు. మంచానికి ఒక నిమిషం, అంతకంటే ఆగే మనిషి కాడు. ఆమె కాగితం చాపింది.

"సార్, నాకు ఐదుసార్లూ డేట్ రోజుల్లోనే వచ్చింది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?"

పక్కనున్న మొగుడు నేలచూపులు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారితో ఆ మాటలెందుకే" అని గొణిగాడు.

"నా ఛాతీకి బొక్క పెట్టినాయన దగ్గర సిగ్గేంటండీ?" అందామె. ఈసారి నర్సు కూడా నవ్వేసింది.

సర్జన్ నవ్వలేదు. "ఎక్కడ చదివారు ఇది?"

"చదవలేదు సార్. మా ఆడపడుచు సర్దిన సంచీలో దొరికింది. పోయినసారి పైకొస బాగుచేశారు కదా, అప్పుడు కిందవైపు చూశారా?"

"చూడాల్సిన అవసరం కనపడలేదు."

"డేట్ పొట్టలో సంగతి కదా, లీక్ అటువైపు ఉందేమో. ఈసారి కింద కూడా చూడండి సార్."

ఆయన కాగితం తీసుకున్నాడు. నిలబడే రెండుసార్లు చదివాడు. తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి మూడోసారి చదివాడు. దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే, రౌండ్స్ టైమ్ కాకముందే, ఆయన ఒక్కడే వచ్చాడు. ఊపిరితిత్తి కింద, పొట్టకూ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే కండరపు పొరకు నాలుగు చిన్న చిల్లులున్నాయట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర తునకలు అక్కడికి చేరి, నెలనెలా అక్కడా రక్తస్రావమై ఆ కండరాన్ని తినేశాయట. నెలసరి రోజుల్లో పొట్టవైపు నుంచి గాలి ఆ చిల్లుల్లోంచే ఛాతీలోకి చేరేదట. చిల్లులు కుట్టేశామన్నాడు. ఇక కొన్నాళ్ళు నెలసరి ఆపే మందు వాడాలి, ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాలి.

"మీరు చెప్పకపోతే చూసేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైందని ఆమెకు తెలిసింది.

"నిచ్చెన ఎక్కొచ్చా సార్?"

"మూడు నెలలు ఆగి, మళ్ళీ రాకపోతే ఎక్కండి."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఒక అనుమానం బుర్రను తొలుస్తూనే ఉంది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, అడిగేసింది.

"సార్, నాకంటే ముందు ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చిన ఆడవాళ్ళు మీ దగ్గర ఎంతమంది?"

ఆయన వార్డు గుమ్మం దాకా వెళ్ళి నర్సును పిలిచాడు.

"ఊపిరితిత్తి ముడుచుకుపోయిన పాత కేసు షీట్లు తీయించమ్మా. ఆడవాళ్ళవి."

"ఎన్నాళ్ళవి సార్?"

"నేను ఇక్కడ చేరిన దగ్గర్నుంచీ."