మరక అంటని బట్ట

సురేన్ స్నానం చేసి వచ్చేసరికే తండ్రి కారిడార్‌లో పని మొదలుపెట్టేశాడు. ఫ్లాటు గుమ్మం బయట, చెప్పుల స్టాండు పక్కన, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు పైడిరాజు. ఎదురుగా ఇనుప చట్రం, అందులో తలకిందులుగా బిగించిన రెండు స్కేట్లు, కింద పరిచిన తెల్లటి పాత పంచె ముక్క. ఆయన కుడిచేయి వణుకుతోంది. ఎడమచేత్తో దాని మణికట్టు గట్టిగా పట్టుకుని, తడి రాయిని రెండు బ్లేడుల మీదా అడ్డంగా పెట్టి, ముందుకీ వెనక్కీ లాగుతున్నాడు.

సురేన్ తల తిప్పుకున్నాడు. ఆ చేతులే తన కొంప ముంచుతున్నాయని కొన్ని నెలలుగా అతని నమ్మకం. అలా అనుకున్నప్పుడల్లా తనమీద తనకే రోత పుడుతుంది, అయినా అనుకోవడం మానలేడు. వణికే చేత్తో పట్టిన అంచు మలుపులో మంచును కరవదు. కరవని అంచుమీద ఐదు వందల మీటర్లు ఎవడు పరుగెత్తగలడు?

ఈ సాయంత్రమే మంచుమీద స్కేటింగ్‌కు ఎంపిక పోటీ. ఆగ్నేయాసియా పోటీలకు వెళ్లే జట్టులో రెండు చోట్లు, వాటికోసం ముగ్గురు. ఒకడు పాలిటెక్నిక్ కుర్రాడు, ఒకడు నేషనల్ సర్వీసు కింద సైన్యంలో ఉన్నవాడు, మూడోవాడు ముప్ఫై దాటిన సురేన్. ఇందులో పోతే ఇక స్క్వాడ్‌లో ఉంచనని కోచ్ మొహమాటం లేకుండా చెప్పేసింది.

లోపల తల్లి గౌరమ్మ ఉప్మా వడ్డిస్తూ తన ధోరణిలో తాను మాట్లాడుకుపోతోంది. "ఈమధ్య మీ నాన్న గుడ్డ మాయడమే లేదురా. ఇదివరకు రోజూ ఆ నూరిన నల్లమడ్డి వదిలించలేక సచ్చేదాన్ని." సురేన్ ఊఁ కొట్టాడు గాని వినలేదు.

వెళ్లబోతుంటే తండ్రి స్కేట్లు తుడిచి చేతికిచ్చాడు. "గోరు మీద గీసి సూసుకోరా. పొట్టు లేస్తే పదును ఉన్నట్టే."

"బాగానే ఉంటుందిలే నాన్నా. లేటవుతోంది," అని సంచిలో పెట్టేసుకున్నాడు. చూసుకుంటే ఏం తేలుతుందోనని అతని భయం.

పైడిరాజుకు సాన పట్టడం మలేషియాలో, పెరాక్ రబ్బరుతోటలో అబ్బిన విద్య. తెల్లారకుండా పనిలోకి దిగే తల్లికి, చెట్టు గీసే కత్తి నూరి ఇవ్వడం చిన్నప్పుడు ఆయన వంతు. తోట అమ్ముడుపోయాక దక్షిణాన ఉన్న ద్వీప దేశానికి వచ్చి, అక్కడ బిషాన్‌లో ఒక కాండో అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర గార్డుగా కుదిరి, చేయి వణకడం మొదలయ్యేదాకా అక్కడే పనిచేశాడు. కొడుకు తాముండే ఇళ్ల బ్లాకు కింద చక్రాల స్కేట్లమీద ఆడుకుంటూ ఆడుకుంటూ ఒకరోజు మంచు రింకుకు ఎగబాకాడు. సెకండ్‌హ్యాండ్ స్కేట్లు కొనిచ్చిన రోజు, ఆ బ్లేడులు చూసి పైడిరాజు ముఖం వెలిగిపోయింది. తనకు తెలిసిన వస్తువే! ముచ్చటపడి, రబ్బరు కత్తి నూరినట్టే, ఒక పక్కకు ఏటవాలుగా నూరిపెట్టాడు.

మొదటి మలుపులోనే పిల్లాడు జారిపోయి అడ్డుగోడకు కొట్టుకున్నాడు. గడ్డం చీలి కుట్లు పడ్డాయి. స్కేటు అంచు ఏటవాలుగా కాదు, పలక మూలలా నిలువుగా ఉండాలని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పైడిరాజు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత చట్రం కొని, అడిగి నేర్చుకుని, అప్పటినుంచి ప్రతి ఉదయం ఈ స్టూలు మీదే. కొడుకు పోటీలను మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ గడ్డంమీది గాటు తన చేతి పనే కదా అని, రింకు గుమ్మం తొక్కడానికి ఆయనకు కాళ్లాడేవి కావు.

అంత కష్టపడ్డ సురేన్ గెలిచిందేమిటంటే, చెప్పుకోదగ్గదేం లేదు. ఒకసారి మనీలాలో నాలుగో స్థానం. మూడో స్థానంవాడికీ తనకూ మధ్య బ్లేడు మొన అంత తేడా. దాన్ని తలుచుకునే ఇన్నేళ్లూ గడిపేశాడు. పగలంతా సైన్స్ పార్క్‌లో ఒక ల్యాబ్ స్టోర్‌లో గాజు సీసాలు లెక్క చూస్తాడు. పెళ్లి మాట ఎత్తితే వచ్చే సీజన్ అయ్యాక అంటాడు.

ఆ రోజూ సీసాల లెక్క చూసి, పెందరాళే రింకుకు చేరి, నేరుగా నవనీత్ గదికి వెళ్లాడు. నవనీత్‌ది నిజామాబాద్. రింకులో స్కేట్లు రిపేరు చేస్తాడు. కొన్ని నెలలుగా వారం వారం తండ్రికి తెలియకుండా సురేన్ ఇతని దగ్గరే సాన పట్టిస్తున్నాడు. మర్నాటి పొద్దున్న తండ్రి మళ్లీ రాయి పెడతాడు, ఇతను సరిచేసిందంతా పాడవుతుంది. సురేన్ లెక్క అది.

"ఒకసారి రీడూ చెయ్యి లా," అన్నాడు అక్కడి యాసలో. "మా ఫాదర్ పొద్దున్నే మళ్లీ రాయి పెట్టాడు."

నవనీత్ బ్లేడును లైటు కిందికి తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, ఏమనుకోకు. మీ నాయన చెయ్యి ఏ పక్క ఒత్తుతుందో చూద్దామని, శనివారం నేను సాన పట్టినంక బ్లేడుల మీద మార్కరు పూసిన. పోటీకని అటెన్క నువ్వు మంచెక్కలే, రాయి తాకితేనే సిరా పోవాలె. గిది చూడు."

సిరా చెక్కుచెదరలేదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా నల్లగా ఉంది.

"ఆయన ఒత్తుతలేడు. రాయిని ఊకె మీద మీద తేలుస్తున్నడు. నా అంచు ఎట్లున్నదో అట్లనే ఉన్నది."

సురేన్ అక్కడున్న బెంచీమీద కూలబడ్డాడు. మడ్డి అంటని తెల్లటి పంచె ముక్క గుర్తొచ్చింది. గోరు మీద గీసి చూస్తే ఎవరి చేతి పనో చెప్పగల మనిషికి, అంచు వేరే చేతిదని తెలియకుండా ఉంటుందా? తెలిసి కూడా అడగలేదు. కొడుకు చెప్పలేక ఇబ్బంది పడకూడదని, రోజూ తెల్లారే లేచి, చెయ్యిని చెయ్యితో పట్టుకుని, ఉత్తుత్తి పని చేస్తున్నాడు. ఆ తలపు వెనకే ఇంకో మాట కూడా తోసుకొచ్చింది, అది మరీ చేదుది. ఇన్ని నెలలూ అంచు బాగానే ఉంది. బాగాలేనివి తన కాళ్లే.

పోటీలో మొదలు బాగానే దొరికింది. మొదటి రెండు చుట్లూ అందరికంటే ముందున్నాడు. మలుపుల్లో అంచు మంచును చక్కగా కరిచింది, జారడానికి ఒక్క సాకూ ఇవ్వలేదు. మూడో చుట్టులో సర్వీసువాడు, చివరి మలుపులో పాలిటెక్నిక్ కుర్రాడు అతన్ని దాటిపోయారు. కోచ్ దగ్గరికొచ్చి భుజం తట్టి వెళ్లింది.

తిరుగు ప్రయాణంలో, ఇళ్ల పక్కగా వెళ్లేటప్పుడు ఎల్‌ఆర్‌టీ రైలు కిటికీ అద్దాలు వాటంతటవే తెల్లబడిపోయాయి. ఎవరి ఇంట్లోకీ తొంగి చూడకుండా చేసిన ఏర్పాటు అది. సురేన్ ఆ తెలుపులోకే చూస్తూ, తమ ఇల్లున్న బుకిట్ పంజాంగ్‌లో దిగాడు.

పైడిరాజు టీవీ కట్టేసి కూర్చుని ఉన్నాడు. కొడుకు మొహం చూసి విషయం తెలుసుకున్నాడు.

"అంచు నిలబడలేదేటిరా?"

"అంచు ఫస్ట్ క్లాస్ నాన్నా. కాళ్లే అయిపోయాయి."

పైడిరాజు కళ్లు దించుకుని తన చేతులకేసి చూసుకున్నాడు. ఆ మాటతో ఆయన గుండెమీంచి ఏదో బరువు దిగిందని సురేన్‌కు తెలిసింది. కొడుకు ఓడిన రోజున దిగిందే అని ఆయన సిగ్గుపడుతున్నాడనీ తెలిసింది. వేరే చేతి సాన ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరూ తలెత్తుకోలేరు.

సురేన్ స్కేట్లు తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. "ఇక పోటీల్లేవు. ఆదివారాలు ఊరికే వెళ్లి తిరిగొస్తా. నువ్వు సాన గట్టిగా పట్టు నాన్నా, నీ ఇష్టం వచ్చినట్టు."

"వంకరపోద్దిరా."

"పోనీ. వంకరగానే తిరుగుతాను."

పైడిరాజు నవ్వాడు. వచ్చే ఆదివారం తానూ రింకుకొస్తానన్నాడు, స్వెట్టరు కావాలన్నాడు. గౌరమ్మ విని, పెట్టె అడుగున ఎక్కడో ఉందంది.

మర్నాడు తెల్లారాక సురేన్ తలుపు తీసేసరికి తండ్రి స్టూలు మీదే ఉన్నాడు. తల గోడకు ఆనించి ఉంది. కునుకు పట్టిందనుకున్నాడు. దగ్గరికెళ్లి వంగాడు. కుడిచేయి మోకాలిమీద ఉంది. అది వణకడం లేదు.

"అమ్మా," అన్నాడు సురేన్. గౌరమ్మ చేతిలో స్వెట్టరుతోనే గుమ్మంలోకొచ్చి, అలాగే ఆగిపోయింది.

చట్రంలో స్కేట్లు బిగించినట్టే ఉన్నాయి. బ్లేడుల మీద రాయి గీతలు అటొకటి ఇటొకటిగా, లోతుగా దిగి ఉన్నాయి. వాటి కింద పంచె ముక్క నల్లటి మడ్డితో తడిసి, తుడుచుకున్న వేళ్ల గుర్తులతో, ఇంకా ఆరకుండా ఉంది.