గొట్టంలో పేరుకున్న రాయి

ఎదురింటావిడ దర్జీ కొట్టు దగ్గర అన్నదట, దర్జీ పాలాయనతో చెప్పాడట, పాలాయన అది మోసుకొచ్చి నేరుగా అత్తగారి చెవిలోనే వేశాడు: "మీ గొట్టాల కోడలు మామగారి చేత మరుగుదొడ్డి రాయి తినిపించిందటండీ! అదీ పరగడుపున!"

అత్తగారు పాలగిన్నె మీద మూత పెట్టి, "పరగడుపునేం కాదు, కాఫీ తాగాకే తిన్నారు," అంది.

జరిగింది నిజమే. కాకపోతే ఎవరూ తినిపించలేదు, ఆయనే తిన్నాడు.

కోడలు మురుగునీటి శుద్ధి ప్లాంటులో ఫిట్టరు. పట్నం ఇళ్ళలోంచి వచ్చే మురుగంతా చేరేది అక్కడికే. గొట్టం వంపు తిరిగిన ప్రతిచోటా లోపల తెల్లటి రాయి పేరుకుంటుంది. ఆరేళ్ళుగా ఆమె ఉద్యోగంలో సగం, ఉలీ సుత్తీ పట్టుకుని ఆ రాయిని తిట్టుకుంటూ చెక్కడమే. చెక్కిందంతా ప్లాంటు వెనక గుట్టగా పడింది. అక్కడి ల్యాబులో ఆ ఏడాది కొత్తగా చేరిన పిల్ల ఓ ముక్క పట్టుకెళ్ళి చూసి, పరుగున వచ్చింది.

"అక్కా, నువ్విన్నాళ్ళూ తిట్టింది భాస్వరాన్ని! ఎరువు బస్తాలో ఉండేది ఇదే. కడిగి ఆరబెడితే క్రిములు కూడా లేవు, నాలుగుసార్లు చూశాను."

సరిగ్గా ఆ ఏడే భాస్వరం ఎరువుకు కరువొచ్చింది. ఆ రాతి గనులు ఏవో గుప్పెడు దేశాల్లోనే ఉన్నాయట. వాళ్ళు ఓడ కదపకపోతే ఇక్కడ కొట్లో బస్తా లేదు. మామగారు మూడుసార్లు బండి కట్టుకుని వెళ్ళి మూడుసార్లూ ఖాళీ బండితో వచ్చాడు. భాస్వరం లేని నేలలో మొక్కజొన్న వేరు ఊనదని ఆయన బెంగ.

కోడలు ఆ రాయి కాస్త పొడి చేసి, సీసాలో పోసి ఇంటికి తెచ్చింది. నిదానంగా, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నచ్చజెప్పి చూపిద్దామనుకుంది. మామగారికో అలవాటుంది. ఏ ఎరువైనా సరే చిటికెడు నాలుక మీద వేసుకుంటే తప్ప నమ్మడు. ఉప్పు కలిపారో ఇసుక కలిపారో ముప్ఫై ఏళ్ళుగా ఆ నాలుకే తేలుస్తోంది. కోడలు బూట్లు విప్పుకుని తలెత్తేసరికి చిటికెడు పొడీ నోట్లో ఉంది.

"కల్తీ లేదు. చప్పగా, సుద్దలా ఉంది. సరుకు మంచిదేనమ్మాయ్, ఏ కొట్టుది?"

"కొట్టుది కాదు మామయ్యా... మా ప్లాంటుది."

ఆయన నాలుక బయటే ఉండిపోయింది. తర్వాత రెండు బక్కెట్ల నీళ్ళు పుక్కిలించాడు. మూడు రోజులు కోడలితో మాట్లాడలేదు. మాటలన్నీ పెళ్ళాం మీదుగానే. "నీ కోడలితో చెప్పు, వానొచ్చేట్టుంది, బూట్లు లోపల పెట్టుకోమను."

కోడలికి ఆ అలక కంటే గుట్ట బెంగ ఎక్కువైంది. అక్కడ కొత్త ట్యాంకు కట్టాలని ఇంజినీరు తొందర. "కోతల్లోపు ఒక్క రైతైనా సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. లేకపోతే మొత్తం చెత్తలారీకి ఎత్తిస్తా," అన్నాడు. ఆరేళ్ళ చెమట చెత్తలో కలుస్తుందంటే ఆమెకి అన్నం దిగలేదు. నలుగురు రైతులు మాట వినేది ఒక్క మామగారిదే. ఆయనేమో మొహం తిప్పుకున్నాడు.

నాలుగో రోజు మామగారు టీకొట్టు నుంచి కందగడ్డ మొహంతో వచ్చాడు. అక్కడ మీసాలాయన, వరసకి అన్న కొడుకు, "బాబాయ్, ఈవేళ ఏం రుచి చూశావ్?" అన్నాడట. బెంచీల మీద వాళ్ళంతా పడీ పడీ నవ్వారట.

"అమ్మాయ్!" అన్నాడు గుమ్మంలోంచే. "ఎటూ నవ్వనే నవ్వారు. ఆ రాయేదో నాలుగు సాళ్ళకి వేద్దాం. పనిచేస్తే నవ్వేది నేను. చెయ్యకపోతే గుట్ట మాట నా దగ్గర ఎత్తకు."

సెలవు రోజున కోడలు సుత్తితో కొట్టింది, అత్తగారు జల్లించింది. "ఈ జల్లెడ మళ్ళీ వంటింట్లోకొస్తే మీ ఇద్దర్నీ బయట పెడతా," అని ముందే తేల్చి చెప్పింది. మామగారు ఆ పొడిని నాలుగు సాళ్ళలో గింజ కింద పడేట్టు వేసి, పైన మన్ను కప్పాడు.

మూడు వారాలు ఏ తేడా లేదు. రోజూ డ్యూటీకి పోయే ముందు కోడలు గట్టు మీద నిలబడి చూసేది. ఆ రాయి మెల్లగా కరుగుతుందని తెలుసు, కానీ మనసు ఆగాలి కదా. అయిదో వారం ఓ పొద్దున చేనంతా ఆకుల అంచులు వంకాయ రంగుకి తిరిగాయి. భాస్వరం అందని పైరుకి గుర్తది. గబగబా చేలో దిగింది.

నాలుగు సాళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి. మోకాలి ఎత్తున, ఎవరో పూనుకుని నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

"మామయ్యా!" అని ఆమె వేసిన కేకకి ఆయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అటో మొక్క, ఇటో మొక్క పీకి పక్కపక్కన పట్టుకున్నాడు. ఒకదానికి నూనూగు మీసంలా నాలుగు వేళ్ళు. రెండోదానివి గుప్పిట్లో పట్టలేదు.

"చూడమ్మాయ్! ఆ టీకొట్టు వాడి మీసం కూడా ఇంత లేదు!" మన్ను రాలుతున్న మొక్కని పైకెత్తి, చేను మధ్యలో గుండ్రంగా తిరిగాడు. మోకాళ్ళ నొప్పులంటూ ఆర్నెల్లుగా పీట ఎక్కని మనిషి! కోడలు నవ్వీ నవ్వీ గట్టు మీద కూలబడింది.

ఆ మధ్యాహ్నమే మామగారు ఇంజినీరు బల్ల దగ్గరికెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, తనివి తీరక, కింద ఇంకోటి కూడా పెట్టాడు.

వారం తిరక్కుండా ప్లాంటు గేటు ముందు బళ్ళు వరస కట్టాయి. మిగిలిన చేలకి వచ్చే పంటలోనైనా వెయ్యాలని అందరికీ ఆత్రమే. మామగారు స్టూలు వేసుకుని సీసాతో కూర్చున్నాడు. "రుచి చూసినవాళ్ళకే బస్తా!" అంటున్నాడు. మీసాలాయన కళ్ళు గట్టిగా మూసుకుని చిటికెడు నాకాడు. వరస మొత్తం ఈలలు వేసింది.

కానీ నలభై బస్తాలకే గుట్ట అయిపోయింది. వరసలో సగం మంది ఇంకా అలాగే ఉన్నారు.

"ఇంతేనా?" అన్నాడు మీసాలాయన, తన ఒక్క బస్తాని కావలించుకుని. "ఇది ఏ మూలకి మరదలా? ఇంకాస్త ఎక్కువ తయారుచెయ్యొచ్చుగా! లోపల ఏం చేస్తున్నారు మీరంతా?"

కోడలు చేతి తొడుగులు విప్పి నడుముకి దోపుకుంది. వరసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"మీ అందరి ఇళ్ళ దొడ్డి గొట్టాలూ ఇప్పటికీ వాగులోకే పోతున్నాయి బావగారూ. ముందవి పీకి మాకు కలపండి."