జోగయ్య ఎప్పుడూ ఆలస్యమే

శ్రీరాంపూర్ క్వార్టర్ల దగ్గరి లైబ్రరీ తాళం తీయగానే ఇఖ్రా ముందు కిటికీలు తుడుస్తుంది. ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ బొగ్గు పొడే. తర్వాత ఫ్యాన్ వేసి, అట్ట ఊడిన పాత నవలను బల్ల మీద పెడుతుంది. కాసేపటికి అందులోంచి కేశవులు, జోగయ్య దిగి వచ్చి బెంచీకి చెరో చివర కూర్చుంటారు. పేపర్ చదివేవాళ్లు కొంచెం జరిగి చోటిస్తారు.

వాళ్లది వాగునీళ్ల తగాదా. చిన్ననాటి స్నేహితులే. కేశవులు కాలువకు అడ్డకట్ట వేశాడు, జోగయ్య పొలం ఎండిపోయింది, ఇక జన్మలో నీ మొహం చూడనని జోగయ్య అన్నాడు. చివరి పేజీలో కేశవులు మంచం పట్టాడని విని జోగయ్య పరుగెత్తుతాడు. చేరేసరికి చితి మండుతూ ఉంటుంది. ఎన్నిసార్లు చదివినా ఆ మనిషి వేళకు చేరిన పాపాన పోలేదు.

ఇఖ్రా తండ్రి ఫజలుద్దీన్, పక్క లైన్లో ఉండే ఎల్లేశం గనిలో ఒకే జట్టు, ఒకటే టీ. వాళ్లు విడిపోయింది ఈ నవల మీదే.

గనికి వెళ్లే మనిషి పోతున్నానని అనడు. "వస్త" అంటాడు. అతను క్షేమంగా తిరిగి రావాలంటే ఉన్నవాళ్లు "రా" అనాలి. ఫజలుద్దీన్ ఇంట్లో ఉర్దూలోనూ అదే పద్ధతి.

వాళ్లు విడిపోయిన రోజు ఎల్లేశానికి సెలవు. లైబ్రరీ మెట్ల మీద మాటా మాటా పెరిగింది.

"తప్పంత జోగయ్యదే. ముందుగాల పోయి మాట్లాడితే ఏం పోతుండె?" అన్నాడు ఫజలుద్దీన్.

"నీళ్లు ఆపినోని కాళ్లు మొక్కాల్నా? నువ్వు గూడ గసొంటోనివే" అన్నాడు ఎల్లేశం.

షిఫ్టు వేళయింది. ఫజలుద్దీన్ లేచి "వస్త" అన్నాడు. ఎల్లేశం మొహం తిప్పుకున్నాడు.

ఆ షిఫ్టులోనే పైకప్పు కూలి ఫజలుద్దీన్ కాలు పోయింది. తన కాలు తీసింది బండ కాదు, "రా" అనని దోస్తు నోరు అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట ఎల్లేశానికి చేరింది. అది నిజమేనని నమ్మాడు కాబట్టే చూడటానికి వెళ్లలేకపోయాడు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు ఫజలుద్దీన్ ఊపిరితిత్తుల నిండా దుమ్మే. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఇఖ్రా ఎల్లేశం గుమ్మంలో నిలబడింది.

"చాచా, అబ్బా నీ తొవ్వే చూస్తుండు. ఒక్కపారి రా."

"రేపొస్త బిడ్డా."

మర్నాడూ రేపే అన్నాడు. ఇఖ్రా ఏడుపు ఆపుకొని లైబ్రరీకి వెళ్లి, నవల చివరి పేజీ తీసింది.

జోగయ్య పరుగు మొదలుపెట్టాడు. అయితే కేశవులు ఉండే ఊరివైపు కాకుండా క్వార్టర్లలోకి మళ్లి, మోకాళ్ల దాకా దుమ్ముతో ఎల్లేశం ముందు నిలబడ్డాడు.

"నువ్వు కేశవులు దగ్గరికి పోవాలె గదా అన్నా, గిటెందుకొచ్చినవ్?"

"నేను ఎంత ఉరికినా అందుకోలే తమ్మీ. నీకింక పొద్దున్నది. లే."

"గా దినం నేను రా అనలే."

"గవన్నీ నడుసుకుంట యాది జేసుకో. ముందుగాల లే."

ఎల్లేశం చొక్కా గుండీలు దారిలో పెట్టుకున్నాడు.

ఫజలుద్దీన్ కళ్లు తెరిచి ఎల్లేశాన్ని చూశాడు. "జోగయ్యదే తప్పు" అన్నాడు గాలిలాంటి గొంతుతో.

"అవు, జోగయ్యదే" అన్నాడు ఎల్లేశం. ఏడుపు ఆగడం లేదు.

సాయంత్రం అజాన్ అవుతుండగా ఫజలుద్దీన్ పెదవులు కదిలాయి. "వస్త."

"రా ఫజలూ" అన్నాడు ఎల్లేశం, ఆ చెయ్యి వదలకుండా. "రా."

ఫజలుద్దీన్‌కు మట్టి ఇచ్చిన కొన్నాళ్లకు ఇఖ్రా లైబ్రరీ తెరిచి నవల చూసింది. క్వార్టర్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లినందుకు జోగయ్యకు ఇంకా ఆలస్యమైంది. ఇప్పుడు చివరి పేజీలో చితి లేదు. బూడిద కూడా వాగులో కలిపేశారు. జోగయ్య ఒడ్డున ఒక్కడే నిలబడ్డాడు.

కేశవులు మళ్లీ దిగి రాలేదు. బెంచీకి ఆ చివర ఎల్లేశం కూర్చుంటున్నాడు. ఈ చివర జోగయ్య. మూసే వేళకు జోగయ్య లేచి, చెప్పులు చేతబట్టుకొని పుస్తకం దగ్గరికి నడుస్తాడు.

"వస్త తమ్మీ" అంటాడు.

"రా అన్నా" అంటాడు ఎల్లేశం.

ఆ మాట అయ్యేదాకా ఇఖ్రా తాళం పట్టుకొని నిలబడుతుంది.