వెనక గుమ్మం కట్లు

అత్త మంచీ వేము తీపీ లోకంలో లేవని సామెత కట్టినవాళ్ళెవరోగానీ, వాళ్ళు కట్లమ్మ ఇంటికి కోడలుగా వెళ్ళి ఉండరు. వెళ్ళి ఉంటే నోరు మూసుకుని ఇంకో సామెత వెతుక్కునేవాళ్ళు.

విరిగిన ఎముకలకు, తప్పిన కీళ్ళకు కట్టు కట్టడం కట్లమ్మ వృత్తి. వృత్తే పేరైంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాల్లో ఉండిపోయింది. కోడలు ఆ ఇంట్లో కాలుపెట్టిన కొత్తలో గిన్నె పట్టుకుంటే గిన్నె, గ్లాసు పట్టుకుంటే గ్లాసు కింద పడేసే పిల్ల. అలాంటి పిల్లను ముందుగదిలో పక్కన కూర్చోబెట్టుకుని, వెదురు బద్దలు నున్నగా చెక్కడం, పాతచీరలు చింపి పీలికలు చుట్టడం, గుడ్డుసొనలో పసరు కలిపి పట్టు వేయడం ఒక్కొక్కటే నేర్పింది అత్త. ఒక్క తిట్టు తిట్టలేదు. కాకపోతే నవ్వింది. ఆ నవ్వు తిట్టుకంటే గట్టిగా పనిచేసేది.

కీలు సరిచేసేటప్పుడు కట్లమ్మ మనిషిని మాటల్లో పెట్టేది. "మీ అల్లుడు ఈమధ్య మీతో మాట్లాడుతున్నాడా?" అని అడిగేది. ఎంత నొప్పిలో ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు చెప్పని మనిషి ఉండడు. వాడు అల్లుడి మీద విరుచుకుపడుతుండగా చటుక్కున లాగేది. కీలు తన చోటికి తను పోయేది. కట్టు పూర్తయ్యాక చిటికెన వేలు కట్టు కిందికి దూర్చి చూసేది.

"దూరడం గొప్ప కాదే. తోస్తే ఏ వేలైనా దూరుతుంది. లోపల ఎంత బిగువుందో నీ వేలు నీకు చెప్పాలి. బిగువెక్కువైతే అది కట్టు కాదు, ఉరి" అనేది కోడలితో.

అన్నీ బాగుంటే చెప్పుకోవడానికి కథెందుకు? కట్లమ్మకు షుగరు వచ్చింది. అది వచ్చినట్టు చాన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. ఒకరోజు పాలగిన్నె దించి, మామూలుగా వచ్చి కూర్చుని కబుర్లు చెబుతుంటే, కోడలికి అత్త వేళ్ళ మీద పొక్కులు కనిపించాయి. "ఇదేంటత్తయ్యా, కాలిందా?" అంటే, కట్లమ్మ తన చెయ్యి తనే తిప్పి చూసుకుని, "అవునే, ఎప్పుడు కాలిందో" అంది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని వెన్న రాసింది. కట్లమ్మ మాత్రం, "ముసలి తోలు, మొద్దుబారింది" అని నవ్వేసింది.

తర్వాత కొద్దిరోజులకే బస్సు కండక్టరు వచ్చాడు. మణికట్టు విరిగింది. కట్లమ్మ కట్టింది, వేలు దూర్చి చూసింది, బాగుందని పంపింది. సాయంత్రానికి అతను పెరట్లోంచి తొంగిచూశాడు. ముందు గుమ్మంలో కట్లమ్మ కూర్చుని ఉంది, ఆవిడకు ఎదురుగా వెళ్ళి కట్టు బాగాలేదనే ధైర్యం అతనికి లేదు.

"చెల్లెమ్మా, వేళ్ళు చూడు. నల్లబడుతున్నాయి. నొప్పికి ఆగలేకపోతున్నా."

కోడలు గబగబా కట్టు కోసేసింది. వేళ్ళలోకి రంగు తిరిగి వచ్చేదాకా ఊపిరి బిగపట్టి కూర్చుంది. వదులుగా మళ్ళీ కట్టింది. పంపేటప్పుడు, "అన్నయ్యా, అత్తయ్యకు చెప్పకు. బాధపడతారు" అంది.

చేసిన తప్పంతా ఆ మాటలోనే ఉందని ఆ పిల్లకు అప్పుడు తెలియదు. జాలి అనుకుంది. మనం కూడా అదే అనుకునేవాళ్ళం.

అప్పట్నుంచీ అదొక పద్ధతైపోయింది. ముందు గుమ్మంలో అత్త కట్టు కడుతుంది. కోడలు చెప్పులు అందిస్తున్నట్టు వెంట వెళ్ళి, "వెళ్ళేముందు ఒకసారి పెరట్లోకి రండి" అంటుంది. కుదరనివాళ్ళకు, "వేళ్ళు తిమ్మిరెక్కితే వెనక గుమ్మానికి రండి" అని చెబుతుంది. పెరట్లో రుబ్బురోలు పక్కన కూర్చోబెట్టి కట్టు సడలిస్తుంది. వాళ్ళు మళ్ళీ ముందునుంచి వచ్చి, "మీ చెయ్యి చల్లని చెయ్యి కట్లమ్మ గారూ" అని మొక్కి పోతారు. ఆవిడ పొంగిపోతుంది. చూస్తున్న కోడలికి ఏడుపొస్తుంది, నవ్వు మొహం పెడుతుంది.

ఇలా ఉండగా చట్టం వచ్చింది. ఎక్కడో ఎవరో కట్టిన కట్టుకు ఓ పసివాడి చెయ్యి తీసేయాల్సి వచ్చిందట. గొడవ పెద్దదై, నాటువైద్యం చేసేవాళ్ళంతా వైద్య మండలిలో పేరు నమోదు చేసుకుని గుర్తింపు కార్డు తీసుకోవాలన్నారు. గడువు దాటాక కార్డు లేనివాళ్ళు రోగి ఒంటిమీద చెయ్యి వేయకూడదు. అందాకా ఇంటిదగ్గర మాత్రం కట్టుకోవచ్చు. చిన్నవాళ్ళకు తరగతులు, పరీక్ష. కోడలు వెళ్ళింది, ఎక్స్‌రే చూడటం నేర్చుకుంది, కార్డు తెచ్చుకుంది. తరగతిలో చెప్పిన దాంట్లో సగం అత్త చెప్పిందే. మిగతా సగం అత్తకు తెలియనిది. అది ఇంటికొచ్చి చెబితే కట్లమ్మ చెవులు రిక్కించి వినేది.

పెద్దవాళ్ళకు పరీక్ష లేదు. పక్కన పనిచేసిన కార్డున్న వైద్యులొకరు మండలి ముందుకొచ్చి, ఈ చేతులు భద్రమైనవని నోటితో చెప్పాలి. అంతే. కట్లమ్మకు సాక్షి ఎవరు? ఇంకెవరు, కోడలే. ఆ కబురు తెలిసిన రోజు నుంచీ ఆ పిల్లకు అన్నం సయించలేదు. అడకత్తెరలో పోకచెక్క అయింది.

మొగుడితో చెప్పుకుంది. అతను బస్సు డిపోలో మెకానిక్కు, దేన్నైనా బోల్టు బిగించినంత తేలిగ్గా తేల్చేస్తాడు.

"రెండు ముక్కలు చెప్పి వచ్చెయ్. అమ్మ ఇన్నాళ్ళు పడ్డ కష్టానికి ఆ ఒక్క కార్డే కదా మిగిలేది. తేడా వస్తే దిద్దడానికి నువ్వు లేవూ?"

నిజమే, నేనున్నాగా అనుకుంది కోడలు. అలా మనసు సరిపెట్టుకుని అత్తను మండలి ఆఫీసుకు తీసుకెళ్ళింది.

వరండా నిండా పెద్దవాళ్ళు. పసరు సీసాలు సంచిలో గలగలలాడించుకుంటూ ఒకాయన, కాన్పులు చేసే ముసలామె ఒకరు, అందరూ పెళ్ళిచూపులకు వచ్చినట్టు బిగుసుకుని కూర్చున్నారు. కట్లమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. "కార్డు మీద ఫొటో నవ్వుతూ ఉండాలా, నవ్వకూడదా?" అని కోడలిని అడిగింది. "నవ్వండత్తయ్యా" అంది కోడలు.

లోపల పొడుగాటి బల్ల వెనక అధ్యక్షురాలు, ఆవిడ పక్కన ఎముకల డాక్టరు కూర్చున్నారు. మంచివాళ్ళే. కుర్చీ వేసి కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. ఏది కడతారు, ఏది కట్టరు అని డాక్టరు అడిగాడు.

"ఎముక తోలు చీల్చుకుని బయటికొస్తే నేను ముట్టనండీ. ఆస్పత్రికే పొమ్మంటా. మోచెయ్యి విరిగిన పిల్లల్ని కూడా మా కోడలు చెప్పాక పంపించేస్తున్నా" అంది కట్లమ్మ. డాక్టరు తల ఊపాడు.

అధ్యక్షురాలు నవ్వుతూ, "కార్డొస్తే ఏం చేస్తారమ్మా?" అంది.

"ఊరి చివర అట్టపెట్టెల షెడ్డుందండీ. అందులో చేసే ఆడాళ్ళు పని మానుకుని మా ఇంటిదాకా రాలేరు. కార్డు లేదని చట్టమొచ్చినప్పట్నుంచీ అటు పోవట్లేదు. ఇక నేనే పోయి కడతా. పక్కూళ్ళకీ పోతా. ఎప్పుడూ కోడల్ని కూర్చోబెట్టుకోవడమేంటి, దానికీ ఓ సంసారముంది కదండీ" అంది కట్లమ్మ ఉత్సాహంగా.

షెడ్డు దగ్గర వెనక గుమ్మం ఉండదు.

"చెప్పమ్మా. మీరు పక్కన లేకుండా ఈవిడ ఒక్కరే కట్టు కడితే భద్రమేనా?" అని అధ్యక్షురాలు అడిగింది.

ఇంటిదగ్గర్నుంచి మోసుకొచ్చిన 'అవునండీ' గొంతుదాకా వచ్చి ఆగింది. కట్లమ్మ మాత్రం కోడలి వైపు చూడను కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆవిడకు తోచలేదు.

"కాదండీ" అంది కోడలు.

ఆ తర్వాత కట్ట తెగినట్టు మొత్తం చెప్పేసింది. కాలిన వేళ్ళు, కండక్టరు నల్లబడ్డ చెయ్యి, పెరట్లో సడలించిన కట్లు. అత్త మొహం చూస్తే నోరు పెగలదని నేల చూస్తూ చెప్పింది.

డాక్టరు లేచి కట్లమ్మ దగ్గరికొచ్చాడు. కళ్ళు మూసుకోమని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. కలం మూతతో చిటికెన వేలి కొస నొక్కాడు. మళ్ళీ గట్టిగా నొక్కాడు.

"ఏ వేలు ముట్టుకున్నానో చెప్పండమ్మా."

కట్లమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "మీరింకా ముట్టుకోలేదు కదండీ" అంది.

కట్లమ్మ కళ్ళు తెరిచి, వేలిని నొక్కుతున్న కలం మూతను చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. డాక్టరు మర్యాదగానే చెప్పాడు, షుగరుకు మందులు రాసిచ్చాడు. కార్డు మాత్రం లేదు.

బయటికొచ్చి ఇద్దరూ నడిచారు. బస్టాండు దాటిపోయినా కట్లమ్మ ఆగలేదు. తిట్టినా బాగుండు, నాలుగు తన్నినా బాగుండు అని కోడలు ఏడుస్తూ వెనకే నడిచింది.

చివరికి కట్లమ్మే అడిగింది. "నాకెందుకు చెప్పలేదే?"

"మీరు బాధపడతారనత్తయ్యా."

"మరి కండక్టరు బాధపడలేదూ?"

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కార్డు పోయినందుకు కాదే నా ఏడుపు. ఇవాళ నువ్వు కాదన్నావు, మంచిపని చేశావు. ఆ మాట కండక్టరు వచ్చిన రోజే చెబితే కట్టడం ఆపేసేదాన్ని కదే. వచ్చినోళ్ళు మొక్కుతుంటే నా చెయ్యి చల్లనిదే అనుకున్నా." కట్లమ్మ ఆగింది. "వెనక గుమ్మానికి వచ్చినవాళ్ళ కట్టు సడలించావు. సరే. రానివాళ్ళ సంగతేంటి?"

"అందరికీ చెప్పానత్తయ్యా..."

"నువ్వు తరగతులకు పోయిన రోజుల్లో ఎవరు చెప్పారు?"

కోడలు నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న తనకు తట్టలేదు. పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని తను వెళ్ళిపోతే, ఇంటికి మనుషులు వచ్చారు. అత్త కట్టింది. వాళ్ళు పోయారు.

"అట్టపెట్టెల షెడ్డు నుంచి ఒకావిడ వచ్చింది. ముంజెయ్యి. మానితే నువ్వే విప్పేసుకో, పని మానుకుని రాకు అని చెప్పి పంపా. మళ్ళీ కనబడలేదు. మానిపోయిందిలే అనుకున్నా" అంది కట్లమ్మ. "పద."

షెడ్డు చేరేసరికి పొద్దు వాలుతోంది. రేకుల కింద వరుసగా ఆడవాళ్ళు కూర్చుని అట్టలు మడిచి పెట్టెలు చేస్తున్నారు. చేతులు కనబడనంత చురుగ్గా కదులుతున్నాయి. ఒకామె మాత్రం పెట్టెలు చేయడం లేదు. కింద పడ్డ అట్టముక్కలు ఎడమచేత్తో ఊడుస్తోంది. కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

కట్లమ్మను చూడగానే ఆమె చీపురు పడేసి ఎదురొచ్చింది. మొహం వెలిగిపోయింది.

"అమ్మా! మీరే వచ్చారా? రావాలనే అనుకున్నా, పని వదలట్లేదు. ఎముక అతుక్కుందమ్మా, బ్రహ్మాండంగా అతుక్కుంది. ఈ వేళ్ళే తెరుచుకోవట్లేదు. పెట్టెలు మడవలేకపోతున్నానని ఊడ్చే పనిలో పెట్టారు. తైలమేదైనా రాసిస్తారా?"

"నొప్పి రాలేదూ?" అంది కట్లమ్మ.

"రాకేం! మొదటి రెండు రాత్రులూ ప్రాణం పోయింది. మా ఆయన కట్టు కోసేస్తానన్నాడు. నేనే తిట్టా. కట్లమ్మ కట్టింది, ఆవిడకు తెలీదా, నీకు తెలుసా అన్నా. మీ మీద నమ్మకంతో పళ్ళు బిగబట్టుకున్నానమ్మా. ఆ తర్వాత నొప్పి దానంతటదే పోయింది."

కట్టు బిగువుకు నరాలు చచ్చిపోయి నొప్పి పోయిందని కోడలికి తెలుసు. కట్లమ్మకూ తెలిసింది. తెలియనిది ఆ నవ్వుతున్న మనిషికి ఒక్కదానికే.

కట్లమ్మ అట్టముక్కల మీదే కూలబడింది. ఆమెనూ కూర్చోబెట్టి, ముడుచుకున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కో వేలూ తడిమింది. మళ్ళీ తడిమింది. తర్వాత తలెత్తి కోడలి వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఏ రోగి ముందూ ఆవిడ కోడలిని ఏమీ అడిగి ఎరగదు.

"వేడిగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా? నువ్వు పట్టుకుని చెప్పవే. నాకు తెలియట్లేదు."

కోడలు కూర్చుని ఆ వేళ్ళు పట్టుకుంది. అబద్ధం ఈసారి గొంతుదాకా కూడా రాలేదు.

"చల్లగా ఉన్నాయత్తయ్యా" అంది.