నూట నలభై రెండు మీటర్లు

పెన్సిల్ మొన మూడోసారి విరిగింది. త్రినాథరావు మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు. పటమంతా కంప్యూటర్ మీద గీసినా, ప్రింటు తీశాక సముద్రపు గీత మీద మాత్రం నీలం పెన్సిల్‌తో చెయ్యి నడపడం ఆయనకు పాత అలవాటు. ఈ రోజు ఆ గీత ముందుకు సాగడం లేదు. ముందుగదిలోని టీవీ, తుపాను మధ్యాహ్నం రెండు గంటలకు విశాఖకు అవతల తీరం దాటుతుందని పొద్దుటి నుంచీ ఒకటే పాట పాడుతోంది.

యాభై ఏడేళ్ల మనిషి. బక్కపలచగా ఉంటాడు. బల్ల మీదికి వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయి, నిలబడ్డప్పుడు కూడా కింద ఏదో వెతుకుతున్నట్టే కనిపిస్తాడు. చొక్కా జేబు అంచున ఎన్ని ఉతుకులకీ పోని నీలం మరక. షేక్‌పేట నుంచి నడిచొచ్చి, ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి, తొమ్మిదింటికల్లా ఈ ఆర్కిటెక్టు ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుంటాడు. ఇరవై రెండేళ్లలో ఆయన్ని ఎవరూ మెచ్చుకున్నది లేదు, తిట్టిందీ లేదు. ప్రతి పటానికీ కింది మూలన ‘గీసినవారు’ అని ఒక చిన్న గడి ఉంటుంది. అందులో ‘టి.ఆర్.’ అని రెండక్షరాలు. బతుకంతా ఆ గడిలో ఇమిడిపోయింది పాపం.

యజమాని సిద్ధార్థ కారు తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు.

“రావు గారూ, నిర్మాత గారి బీచ్ హౌస్‌కి స్విమ్మింగ్ పూల్ షీటు సాయంత్రానికి కావాలండీ. పాత షీటే బేస్‌గా పెట్టేయండి.”

“తీరానికి కొత్త మ్యాపు వచ్చిందండీ. అందులో పోటు గీత...”

“పాతదానికి సర్కారు స్టాంపు ఉందా లేదా?”

“ఉందండీ.”

“మరింకేం?” అనేసి సిద్ధార్థ వెళ్ళిపోయాడు. జూబ్లీహిల్స్‌లో ఎవరితోనో భోజనం ఉందట.

పోటు మీదున్నప్పుడు కెరటం ఎక్కే చివరి హద్దే పోటు గీత. విశాఖ అవతల, ఆ బీచ్ హౌస్ ఉన్న పల్లెలాంటి చోట్ల ఆ గీత నుంచి రెండు వందల మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టకూడదన్నది నిబంధన. పాత షీటులో నిర్మాత గారింటికి దూరం రెండు వందల ఆరు మీటర్లు. అది అబద్ధమని ఈ ఊళ్ళో తెలిసినవాడు త్రినాథరావు ఒక్కడే.

పన్నెండేళ్ల కిందట స్థలం చూసి రమ్మంటే వెళ్ళాడు. పోటు వదిలివెళ్ళిన, తడి ఆరని నాచు వరస దగ్గర నుంచి టేపు పరిచి కొలిచాడు. స్థలం కాపలాదారు నూకరాజు అవతలి కొస పట్టుకున్నాడు. ముప్ఫై మీటర్ల టేపు నాలుగుసార్లు పూర్తిగా, అయిదోసారి ఇరవై రెండు దగ్గర కట్టబోయే ఇంటి హద్దురాయి తగిలింది. నూట నలభై రెండు. షీటు పాతబడిపోయింది, సముద్రం ముందుకొచ్చేసింది. త్రినాథరావు జేబులోంచి కొలతల పుస్తకం తీశాడు. స్టాంపు వేసిన షీటును తప్పు పట్టడానికి తనెవరు? ఉద్యోగం పోతే ఈ వయసులో ఎవరిస్తారు? అంకె రాయకుండానే పుస్తకం మళ్ళీ జేబులో పెట్టేశాడు. “సరిపోయిందా బాబూ?” అన్నాడు నూకరాజు. “సరిపోయింది. సముద్రం ఈ రాయి దాటి రాదులే” అన్నాడు తను. చుట్టేటప్పుడు టేపులో ఇసుక ఇరుక్కుని బిగుసుకుపోయింది. అప్పటి నుంచీ అది బల్ల సొరుగులోనే ఉంది. మళ్ళీ ఏ స్థలానికీ వెళ్ళలేదాయన. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాడు. కొలిస్తే తెలిసిపోతుందన్న భయం.

ఇల్లు లేచింది. నూకరాజు సంసారం కింది గదిలోనే ఉంటోంది. దసరాకో ఉగాదికో ఫోన్ చేసి క్షేమం అడుగుతాడు, అంత మంచివాడు.

పదకొండింటికి త్రినాథరావు ఫోన్ తీశాడు. నూకరాజు నంబరు నొక్కాడు.

“నూకరాజూ, మీరంతా బయల్దేరి బడి దగ్గరికి వెళ్ళిపోండి.”

“గాలి మొదలైపోనాది బాబూ. అయినా మాకు బయం నేదు. కోడలికి నెల్లు నిండినాయి, దాన్నెక్కడ తిప్పుతాం? గట్టి గోడల ఇల్లిది. ఈ రాయి దాటి రాదని తవరే సెప్పినారు గదా.”

త్రినాథరావు కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసులో తలలు ఇటు తిరిగాయని తెలుస్తూనే ఉంది.

“అబద్ధం చెప్పాను. టేపు ఆ కొస పట్టుకున్నది నువ్వే. రెండు వందలు ఉండాలి, నూట నలభై రెండే వచ్చింది. నేను రాయలేదు.”

అవతల గాలి హోరెత్తుతోంది. ఆ హోరులోనే నూకరాజు అన్నాడు. “అయితే పన్నెండేల్ల నుంచీ నా పిల్లల్ని నీల్లలో పడుకోబెడుతున్నానా బాబూ?”

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

ఆ తరువాత నాలుగు గంటలు ఆయన ఎలా కూర్చున్నాడో ఆయనకే తెలియదు. క్యారేజీ మూత తియ్యలేదు. పదిసార్లు, ఇరవైసార్లు ఫోన్ చేశాడు. టీవీలో కొబ్బరిచెట్లు నేలకు వంగుతుంటే లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఒక్క అంకె రాయడానికి చెయ్యి రాలేదే అని తన చేతినే అసహ్యంగా చూసుకున్నాడు.

“ఏమైంది సార్? అన్నం గూడ తినలే. జర నీళ్ళన్న తాగుండ్రి” అంటూ ముందుగదిలో కూర్చునే మనోజ గ్లాసు తెచ్చి పెట్టింది.

మూడుంపావుకి ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది.

“బడిలో ఉన్నాం బాబూ, నలుగురం. ఇందాకే సూసొచ్చినాను, వొరండా పోనాది. కింద గది నిండా నీల్లే. మీ రాయి అవుపడ్డం నేదు.”

త్రినాథరావు అందరి ముందూ భోరుమన్నాడు.

కన్నీళ్ళు తుడుచుకోకముందే రెండో భయం పట్టుకుంది. ఆ పాత షీటు మీదే, అదే తీరాన, ఆయన తన చేత్తో మరో ఏడు ఇళ్ళు గీశాడు. వాటిలో ఎవరు కాపలా ఉన్నారో, కింది గదుల్లో ఎవరు పడుకుంటున్నారో తెలియదు.

“మనోజా, ఆ తీరాన మనం గీసిన ఏడు ఇళ్ల ఓనర్ల నంబర్లు రాసియ్యమ్మా.”

ఆమె రాసేలోపల ఆయన కొత్త మ్యాపు బేస్‌గా పెట్టి షీటు ప్రింటు తీశాడు. నీలం గీతను నిర్మాత గారి ఇంటికి సముద్రం నిజంగా ఎంత దగ్గరగా ఉందో అంత దగ్గరగా దిద్దాడు. పక్కన నూట నలభై రెండని అంకె వేశాడు. గడిలో ‘టి.ఆర్.’ కొట్టేసి, పట్టకపోయినా, పూర్తి పేరు రాశాడు. దాన్ని సిద్ధార్థ బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా సొరుగులోంచి టేపు తీసి బరువు పెట్టాడు.

“రేపు జల్ది వస్తరా సార్? సిద్ధార్థ సార్ అడుగుతరు” అంది మనోజ.

“ఇంక రానమ్మా.”

నంబర్ల కాగితం పట్టుకుని మెట్లు దిగుతూనే మొదటి నంబరు నొక్కాడు. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. వాన రాని షేక్‌పేట దారిలో, చల్లగాలికే ఉలిక్కిపడుతూ, ఆయన రెండో నంబరు నొక్కాడు.

పైన ఆఫీసులో, నీలం గీతకు అడ్డంగా, తుప్పు పట్టిన ఆ టేపు ఉంది. దాని సందులోంచి పన్నెండేళ్ల నాటి ఇసుక చిటికెడు కాగితం మీద రాలి ఉంది.