కంప్యూటర్ పనిచేయడం లేదు, మొదట ఏం చేస్తారు?

నేను ఒక ప్రశ్నను. కంప్యూటర్ రిపేరు నేర్చినవాళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షలో ముప్పై ఎనిమిదోదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను: "కంప్యూటర్ పనిచేయడం లేదు. మొదట ఏం చేస్తారు?" అంతే నేను. కింద నాలుగు జవాబులుంటాయి.

పుట్టినప్పుడు ఇంత బోడిగా లేను. నన్ను రాసింది సింహాద్రి మాస్టారు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "స్విచ్ వేసినా ఫ్యాను తిరగడం లేదు, లైటు వెలగడం లేదు. ప్లగ్గూ వైరూ బాగానే ఉన్నాయి" అని ముందు నిండుగానే రాశారు. అలాంటప్పుడు లోపలికి కరెంటు పంపే పవర్ సప్లయి మార్చి చూడాలన్నది సరైన జవాబే. కానీ ప్రశ్నలు ఎక్కించే గడిలో అన్ని అక్షరాలు పట్టలేదు. ఆ రోజు ఇంకా ఎనభై ప్రశ్నలు ఎక్కించాలి. ఆయన విసుక్కుని ఆ రెండు వాక్యాలూ చెరిపేశారు. "తెలిసినోడికి అర్థమవుతుందిలే" అన్నారు. తెలిసినవాళ్ళకే అర్థం కానని అప్పుడు ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఎస్తేరు రాణి బాగా తెలిసిన మనిషి. తెనాలిలో బావగారి రిపేరు షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఈ సర్టిఫికెట్ తెస్తే ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు. తెర మీద నన్ను చూసి ఆమె ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోందా? బీప్ వస్తోందా? ఆమెకు కావలసినవేవీ నాలో లేవు. నా నోరు అడగడానికే గాని చెప్పడానికి పనికిరాదాయె. చివరికి రోజూ చేసే పనికే గుర్తు పెట్టింది, ర్యామ్ అనే మెమరీ ముక్క తీసి శుభ్రం చేయడం. ఒక్క మార్కుతో పరీక్ష తప్పింది.

ఊరుకోలేదు, అభ్యంతరం రాసింది. "సార్, మా షాపుకొచ్చేవాటిల్లో సగం ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే లేస్తాయండి. ఫ్యాను తిరగట్లేదని మీరు చెప్పుంటే నేను ర్యామ్ జోలికే పోయేదాన్ని కాదండి."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఆ కాగితం తీర్పుకోసం మాస్టారి దగ్గరికే వచ్చింది. ఆయన రెండుసార్లు చదివారు. "నిజమేనమ్మా" అని గొణిగారు కూడా. కానీ ఒప్పుకుంటే అందరి ఫలితాలూ మళ్ళీ తీయాలి, ఎందుకు చెరిపారని పైవాళ్ళు నిలదీస్తారు. "జవాబులో మార్పు లేదు" అని రాసి సంతకం పెట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఈలోగా నా పేరు మారుమోగింది. "ఇది వస్తే కళ్ళు మూసుకుని పవర్ సప్లయి కొట్టండి, ఎందుకని అడక్కండి" అని కోచింగ్ సెంటర్లలో నేర్పుతున్నారట. రిపేరు నేర్చుకునేవాళ్ళను ఎందుకని అడగొద్దనడం మనుషులకే చెల్లింది. రాణి కూడా అలాంటి ఒక సెంటర్లో చేరిందని తర్వాత తెలిసింది.

కాలేజీవాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఆరు నెలలకు ఆమె మళ్ళీ పరీక్షకు కూర్చుంది. నా ఖర్మ కాలి మళ్ళీ ఆమె తెర మీదికి నేనే వచ్చాను. మౌస్ బాణం ముందు ర్యామ్ మీదికే వెళ్ళింది. ఒక క్షణం అక్కడే ఆగింది. తర్వాత పక్కకు జరిపి, పవర్ సప్లయి మీద నొక్కి, నా వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయింది.

పాసయింది. ఉద్యోగమూ వచ్చింది. ఆమె ఇంట్లో ఆ రోజు మిఠాయి పంచే ఉంటారు. ఆరేళ్ళు నిజాయితీగా పనిచేసిన చేత్తో, తాను నమ్మని మాటకు గుర్తు పెట్టించినదాన్ని నేను. ఆ మార్కు ఇచ్చింది నేనేనని ఎవరైనా అంటే తల ఎక్కడ పెట్టుకోను?